గోల్కొండ సిపాయి ఏం కట్టాడు? ఏం తిన్నాడు?

ఆదివారం సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర జాతర లాగే ఉంటుంది. సెల్ఫీలు, రీల్స్, మొక్కజొన్న పొత్తులు, లైట్లు. 2020 సెప్టెంబరులో బ్రిడ్జి తెరిచిన రోజు నుంచీ అదే సందడి. కింద ఉన్న చెరువు మాత్రం బ్రిడ్జి కంటే కొన్ని వందల ఏళ్లు పెద్దది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటలో ఉండేవాళ్లకు తాగునీళ్లు ఇచ్చిన చెరువు ఇదే. అంటే కోట బురుజు మీద కాపలా కాసిన సిపాయి దాహం తీర్చింది, ఇవాళ మన హైటెక్ సిటీ ఫొటోలకు బ్యాక్‌గ్రౌండ్‌గా ఉన్న ఈ నీళ్లే.

గోల్కొండ అనగానే వజ్రాలు, తానీషా, రామదాసు, చప్పట్ల శబ్దం గుర్తొస్తాయి. సిపాయి ఎవరికీ గుర్తు రాడు. అతను ఒంటి మీద ఏం వేసుకున్నాడు? చేతిలో ఏముంది? పొద్దున ఏం తిన్నాడు? సినిమాలో అయితే రెండు నిమిషాల ఫైటు. నిజంగా కోటను ఎనిమిది నెలలు నిలబెట్టింది ఈ మూడు ప్రశ్నలకు ఉన్న జవాబులే. ఐటీ కారిడార్ నుంచి అరగంట దూరంలో ఆ జవాబులు ఇంకా రాళ్ల మీద ఉన్నాయి. పదండి, వెళ్లొద్దాం.

బంజారా దర్వాజా దారి

గోల్కొండకు చాలామంది మెహిదీపట్నం, లంగర్‌హౌజ్ మీదుగా వెళ్లి ఫతే దర్వాజాలో దూరతారు. రాయదుర్గం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో దారి ఉంది. షేక్‌పేట దాటి, సెవెన్ టూంబ్స్ పక్క నుంచి వెళ్తే బంజారా దర్వాజా వస్తుంది. ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

బంజారాలంటే ఆ రోజుల్లో దేశానికి సరుకు రవాణా వ్యవస్థ. ఎద్దుల మీద బియ్యం, గోధుమ, ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. ఫ్రాన్స్ నుంచి వజ్రాల కోసం వచ్చిన వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో వాళ్లను దారిలో చూశాడు. ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులు ఉండేవని ఆశ్చర్యపోయి రాశాడు. ఎదురుపడితే అవి మొత్తం దాటేదాకా ప్రయాణికులు దారి పక్కన ఆగాల్సిందే. సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఉన్నవాళ్లకు ఆ బాధ వివరించక్కర్లేదు.

మొఘలులైనా, దక్కన్ సుల్తానులైనా, పెద్ద సైన్యం కదిలితే దాని వెనక బంజారాల ఎద్దులు కదలాలి. అవి రాకపోతే ఎన్ని ఫిరంగులున్నా లాభం లేదు. కోటకు దర్వాజాలు ఎనిమిదంటారు. అందులో ఒకటి రాజు పేరు మీద కాకుండా, గింజలు మోసేవాళ్ల పేరు మీద మిగిలింది.

ఒంటి మీద నాలుగు గజాల గుడ్డ

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. గోల్కొండ సిపాయి వేషాన్ని టావెర్నియే దగ్గర నుంచి చూసి రాశాడు. మామూలు కాల్బలం సిపాయికి ఒంటి మీద ఉన్నది మూడు నాలుగు గజాల గుడ్డ. దాన్నే నడుముకు చుట్టి, ముందూ వెనకా కప్పుకునేవాడు. జుట్టు పొడుగ్గా పెంచి నడినెత్తిన కొప్పు వేసేవాడు. దాని మీద మూడు మూలల గుడ్డ ముక్క. ఒక మూల నడినెత్తి మీదికి, మిగతా రెండూ మెడ వెనక ముడి. అంతే యూనిఫాం.

కవచం లేదా? ఉంది, కానీ గుర్రం ఉన్నవాడికే. రౌతుకు విల్లంబులు, డాలు, గద, గొలుసు కవచం, తలకు ఇనుప టోపీ ఉండేవి. ఆ టోపీ నుంచి ఇనుప గొలుసుల అల్లిక వెనక్కి వేలాడుతూ మెడనూ భుజాలనూ కాపాడేది. అలాంటి కవచాలు చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. చేతికి తొడిగే దస్తానా, ఛాతీకీ వీపుకీ పక్కలకీ కట్టుకునే నాలుగు పలకల 'చార్ ఐనా' లాంటివి దక్కన్ యోధుల సామాన్లే. మే నెల ఎండలో అవి వేసుకుని బాలాహిస్సార్ మెట్లు ఎక్కడం ఊహించండి. నడుము గుడ్డ ఎంత తెలివైన యూనిఫామో అప్పుడు అర్థమవుతుంది.

పాతకాలం సైనికుడంటే మా జనరేషన్ కళ్ల ముందుకు వచ్చేది '300' సినిమా. ఒంటి మీద చొక్కా లేకుండా, ఎర్ర దుప్పటీ కప్పుకుని, కండలు చూపించే స్పార్టా వీరులు. అసలు గ్రీకు సైనికుడు అలా యుద్ధానికి పోలేదు. 'హోప్లైట్' అనే ఆ కాల్బలం సైనికుడికి కంచు శిరస్త్రాణం, ఛాతీకి కంచు కవచం లేదా పొరలు పొరలుగా అతికించిన నార బట్ట కవచం ఉండేవి. పిక్కలకు కంచు తొడుగులు. దాదాపు ఏడు కిలోల గుండ్రటి చెక్క డాలు. రెండు మీటర్లు దాటిన బల్లెం. సినిమాలో చొక్కా తీసేసింది కెమెరా కోసం.

ఇందులో మనకు ఇంకో ముచ్చట ఉంది. క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్‌క్సీజ్ గ్రీసు మీదికి వెళ్లినప్పుడు అతని సైన్యంలో మన ఉపఖండం వాళ్లూ ఉన్నారు. గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ వాళ్ల గురించి రాస్తూ, చెట్టు నుంచి వచ్చే ఉన్ని బట్టలు వేసుకున్నారని, వెదురు విల్లులు, ఇనుప మొన ఉన్న వెదురు బాణాలు పట్టుకున్నారని చెప్పాడు. చెట్టు ఉన్ని అంటే పత్తి! వాళ్లు వాయవ్యం వైపు వాళ్లు, తెలుగువాళ్లు కాదు. కానీ కంచు తొడుక్కున్నవాళ్ల ముందు నూలు బట్టతో నిలబడిన సిపాయి కథ అంత పాతది.

కత్తి మనదే, ఉక్కూ మనదే

బాలాహిస్సార్ దర్వాజా దాటగానే సిలాఖానా కనిపిస్తుంది. మూడంతస్తుల ఆయుధాగారం. అందరూ చప్పట్లు కొట్టి, రీల్ తీసుకుని, దీన్ని చూడకుండానే ముందుకు పోతారు.

ఇక్కడి కాల్బలం సిపాయి పట్టింది పర్షియా వాళ్ల లాంటి వంపు తిరిగిన కత్తి కాదట. వెడల్పాటి ఖడ్గం. నరకడానికీ, పొడవడానికీ రెండిటికీ పనికొచ్చేది. నడుము పట్టీకి వేలాడేది. టావెర్నియే ఇంకో మాట కూడా రాశాడు: ఇక్కడి తుపాకీ గొట్టాలు యూరప్ వాటి కంటే గట్టివి, ఇనుము స్వచ్ఛమైనది, పేలిపోదు. ఒక యూరప్ వ్యాపారి ఇచ్చిన ఫైవ్ స్టార్ రేటింగ్ అనుకోండి.

కారణం తెలంగాణ మట్టిలోనే ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రం లాంటి ఊళ్లలో మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు తయారుచేసేవాళ్లు. ప్రపంచం దాన్ని 'ఊట్జ్' అని పిలిచింది. చిన్న రొట్టె సైజు ముద్దలుగా అది పర్షియాకు పోయేది. అక్కడ దానితో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు కనిపించేవి. డమాస్కస్ కత్తులని లోకమంతా మెచ్చుకున్న వాటి ముడిసరుకులో పెద్ద పేరు గోల్కొండ రాజ్యానిదే. ఒంటి మీద గుడ్డ ముక్క ఉన్న మనిషి చేతిలో, ప్రపంచంలోకెల్లా మంచి ఉక్కుల్లో ఒకటి ఉండేదన్నమాట.

మెట్ల దారిలో గింజల కొట్టు

పైకి ఎక్కుతుంటే గోడల్లో పాత మట్టి గొట్టాలు అక్కడక్కడా కనిపిస్తాయి. కింద నుంచి పైకి అంచెలంచెలుగా తొట్లు కట్టి, చక్రాలతో నీళ్లు తోడి, ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి ఎక్కించేవాళ్లు. మోటారు లేదు, కరెంటు లేదు. సుమారు 120 మీటర్ల గ్రానైట్ గుట్ట మీద నీళ్లు.

"అన్నా, అంబర్‌ఖానా ఎక్కడ?" అని అక్కడ కూర్చున్న గార్డును అడిగాను.

"గీ మెట్ల దారిలోనే ఉంటది సార్, పైకి పోయేటప్పుడు చూస్కోండి. ఎవ్వరూ ఆగరు ఆడ," అన్నాడాయన.

నిజంగానే ఎవరూ ఆగట్లేదు. కానీ కోట మొత్తంలో సిపాయికి అన్నిటికంటే ముఖ్యమైన గది ఇదే. అంబర్‌ఖానా అంటే ధాన్యం కొట్టు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1642లో, ఖైరత్ ఖాన్ అనే అధికారి దీన్ని కట్టించినట్టు శాసనం ఉంది. రాజు ఫిరంగి మీద పేరు చెక్కించుకోవడం మామూలే. బియ్యం కొట్టుకు కూడా శాసనం వేశారంటే, దాని విలువ వాళ్లకు బాగా తెలుసన్నమాట.

ఆ విలువ 45 ఏళ్ల తర్వాత తేలింది.

1687: ఆకలితో యుద్ధం

1687 మొదట్లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. అప్పటి సుల్తాన్ అబుల్ హసన్, మనం తానీషా అని పిలిచే ఆయన. బయట దేశంలోకెల్లా పెద్ద సైన్యం. లోపల 87 బురుజుల గోడ, నీళ్లు, గింజలు.

మొదట్లోనే మొఘల్ సేనాని కిలిచ్ ఖాన్‌కు ఫిరంగి గుండు తగిలి చేయి పోయింది. వైద్యులు భుజంలోంచి ఎముక ముక్కలు తీస్తుంటే, ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పాడని ఆనాటి రాతలు చెబుతాయి. కొద్ది రోజులకే చనిపోయాడు. హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో సమాధి ఉంది. తర్వాత హైదరాబాద్‌ను ఏలిన మొదటి నిజాంకు ఈయన తాత.

ఆ తర్వాత అసలు శత్రువు వచ్చింది: ఆకలి. అంతకుముందు వానల్లేక దక్కన్‌లో జొన్న, సజ్జ ఎండిపోయాయి. హైదరాబాద్ చుట్టూ యుద్ధం వల్ల వరి నాట్లు పడలేదు. ఆపైన వానాకాలం వచ్చి వాగులు పొంగాయి, దారులు బురదయ్యాయి, బయటి నుంచి సరుకు రాలేదు. మొఘల్ శిబిరంలో గోధుమ, పప్పు, బియ్యం మాయమయ్యాయి. ఆకలి, దాని వెనకే జబ్బులు. ముట్టడి వేసినవాళ్లే ముట్టడిలో పడ్డట్టయింది.

కందకం పూడ్చడానికి మట్టి నింపిన గుడ్డ సంచులు కావాల్సి వచ్చింది. మొదటి సంచిని ఔరంగజేబు స్వయంగా, వజూ చేసుకుని మరీ కుట్టాడు. చక్రవర్తి చేతిలో సూదీ దారం! గోడ కింద సొరంగాలు తవ్వి మందు పెడితే, అవి వెనక్కి పేలి సొంత సైనికులే వందల్లో పోయారు. మే నెలలో ఒక రాత్రి నిచ్చెనలు వేసి ఎక్కబోతే, గోడ మీద ఉన్న ఒక ఊరకుక్క మొరిగింది. కోట లేచింది, ఎక్కేవాళ్లు దిగారు. ఆ కుక్కకు తానీషా బంగారు గొలుసు, జరీ కప్పు ఇచ్చాడని కథ. గోల్కొండలో అందరికంటే మంచి యూనిఫాం దొరికిన సిపాయి అదేనేమో!

జూన్‌లో పెద్ద వాన మధ్యలో కోటవాళ్లు బయటికొచ్చి దెబ్బకొట్టి, కొందరు మొఘల్ అధికారులను పట్టుకుపోయారు. తానీషా వాళ్లను చంపలేదు. తన ధాన్యం కొట్లు, మందుగుండు నిల్వలు తిప్పి చూపించాడు. ఔరంగజేబు వెనక్కి వెళ్తానంటే ఆయన సైన్యం తినడానికి ఐదారు లక్షల మణుగుల ధాన్యం నేనే పంపిస్తాను అని కబురు పెట్టాడు. ఇది ఆ కాలం చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ చెప్పిన మాట. బతిమాలడమా, గొప్ప చూపించుకోవడమా? నాకైతే రెండూ కలిసే ఉన్నాయనిపిస్తుంది. అంబర్‌ఖానా ముందు నిలబడి చదివితే ఆ లైను వేరేలా వినిపిస్తుంది.

గ్రీకుల దగ్గరా ఇలాంటి కథే ఉంది. క్రీ.పూ. 425లో 420 మంది స్పార్టా సైనికులు స్ఫాక్టీరియా అనే చిన్న దీవిలో చిక్కుకున్నారు. చుట్టూ ఏథెన్స్ ఓడలు. వాళ్లకు తిండి పంపడానికి ఈతగాళ్లు నీళ్లలో మునిగి వెళ్లేవాళ్లు. తోలు సంచుల్లో తేనె కలిపిన గసగసాలు, దంచిన అవిసె గింజలు పెట్టి తాడుతో లాక్కుంటూ ఈదేవాళ్లు. ఇవాళ మనం జిమ్ బ్యాగులో పెట్టుకునే ఎనర్జీ బార్ లాంటిదే. 72 రోజులు గడిచాక మిగిలిన 292 మంది లొంగిపోయారు. స్పార్టా వాడు లొంగడని నమ్మిన గ్రీసు మొత్తం నోరెళ్లబెట్టింది.

గోల్కొండ అలా లొంగలేదు. 1687 సెప్టెంబరు 21 తెల్లవారుజామున, గింజలు ఉండగానే, నీళ్లు ఉండగానే పడిపోయింది. సరందాజ్ ఖాన్ అనే కోట అధికారి లంచం తీసుకుని చిన్న తలుపు తీశాడు. మా ఐటీ భాషలో చెప్పాలంటే ఫైర్‌వాల్ పగల్లేదు, యాక్సెస్ ఉన్నవాడే లాగిన్ చేయించాడు.

ఆ గోలలో అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని నిద్రలేచాడు. కవచం తొడిగే టైమ్ లేదు, గుర్రానికి జీను కట్టే టైమ్ లేదు. ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో డాలు, జీను లేని గుర్రం. అలాగే ఎదురెళ్లాడు. ఒళ్లంతా డెబ్బై దాకా గాయాలతో నగీనా బాగ్ దగ్గర కొబ్బరి చెట్టు కింద దొరికాడు. ఔరంగజేబే వైద్యులను పంపాడు, బతికాడు. ఇంకోపక్క తానీషా, తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్ల ముందే ప్రశాంతంగా కూర్చుని అన్నం తిన్నాడట.

బాలాహిస్సార్ మీద నుంచి

పైకి ఎక్కి పడమర, ఉత్తరం వైపు తిరిగితే మనమే కనిపిస్తాం. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, హైటెక్ సిటీ టవర్లు. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన అద్దాల కోట. దీనికీ గేట్లున్నాయి, కాపలా ఉంది, బ్యాగుల చెకింగ్ ఉంది. ఆ రోజుల్లో మచిలీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ల సామాన్లలో ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని వెతికేవాళ్లట. ఇప్పుడు పెన్‌డ్రైవ్ ఉందేమోనని వెతుకుతున్నారు.

కానీ అక్కడ నిలబడి నేను అడుగుతున్న ప్రశ్న ఒకటే: మన కోటలో అంబర్‌ఖానా ఎక్కడ? నీళ్ల తొట్లు ఎక్కడ? ఎండాకాలం వస్తే ఈ కారిడార్‌లో సగం అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీద నడుస్తాయి. ట్యాంకర్ ఒక్క రోజు రాకపోతే సొసైటీ వాట్సాప్ గ్రూపులో యుద్ధమే. 400 ఏళ్ల కిందట కోటకు తాగునీళ్లిచ్చిన దుర్గం చెరువు పక్కనే ఉండి, ఆ చెరువు నీళ్లు గుక్కెడు తాగలేం. చుట్టూ ఇళ్లు ఎంత దగ్గరికి వచ్చాయంటే, 2024లో చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుల్లో ఉన్నాయంటూ ఇళ్లకు నోటీసులు అంటించాల్సి వచ్చింది. గోల్కొండ వాళ్లు చెరువును కోటలో భాగం అనుకున్నారు. మనం వ్యూ అనుకుంటున్నాం.

ఇంకో మాట. గ్రీకు హోప్లైట్ తన కవచం, డాలు, బల్లెం తన డబ్బుతోనే కొనుక్కునేవాడు. దానికి బదులుగా చాలా నగరాల్లో అతనికి సభలో మాట ఉండేది. మన కారిడార్‌లో రాత్రి పదింటికి బిర్యానీ మోసుకొచ్చే కుర్రాడూ బండి తనదే కొనుక్కుంటాడు, పెట్రోలు తనే పోయించుకుంటాడు, వానకోటు తనే తెచ్చుకుంటాడు. సభలో మాట మాత్రం ఇంకా రాలేదు. బంజారాల పేరు మీద కనీసం ఒక దర్వాజా ఉంది. ఇతన్ని చాలా టవర్లలో మెయిన్ లిఫ్ట్ కూడా ఎక్కనివ్వరు.

వెళ్లాలనుకుంటే

పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరితే మెట్లు ఎక్కలేరు. నీళ్ల బాటిల్ తప్పనిసరి. దుర్గం చెరువు దగ్గర మొదలుపెట్టి షేక్‌పేట, సెవెన్ టూంబ్స్, బంజారా దర్వాజా మీదుగా పోతే నీళ్లు, గింజలు కోటలోకి వచ్చిన వైపు నుంచే మీరూ వెళ్లినట్టవుతుంది. లోపల ముందు సిలాఖానా చూడండి, తర్వాత గోడల్లో మట్టి గొట్టాలు వెతకండి, అంబర్‌ఖానా దగ్గర ఆగి శాసనం చూడండి. పెట్ల బురుజు మీద ఫతే రహ్‌బర్ ఫిరంగి కూడా చూడొచ్చు. ఇంకో ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి టైమ్ పెట్టుకోండి.

చప్పట్లు కూడా కొట్టండి, తప్పులేదు. ఫతే దర్వాజా దగ్గర కొడితే కిలోమీటరు దూరంలో పైన వినిపించేలా కట్టింది ఆ పైనున్న సిపాయి కోసమే. నడుముకు గుడ్డ, నెత్తిన కొప్పు, చేతిలో తెలంగాణ ఉక్కు, కడుపులో అంబర్‌ఖానా గింజ. ఆ శబ్దం విని లేవాల్సినవాడు అతనే.